కరణంగారి దానపత్రం

పూర్వులు దాచిపెట్టిన కాగితం ఏదైనా వారసుల మేలుకే ఉంటుందని మన కుటుంబాలలో ఒక నమ్మకం. చెదలు పట్టినా పారవేయరు. చదవడం రాకపోయినా పసుపు రాసి పెట్టెలో పెడతారు. ఆ శనివారం ఉదయం తెనాలిలో, పురుషోత్తం గారి ముందుగదిలో, ఆ నమ్మకమే తగవుకు వచ్చింది.

"సంతకం పెట్టరా," అని అన్నగారు బసవేశ్వరరావు మూడోసారి అన్నారు.

బల్లమీద ఉన్నది ఒక్క పేజీ. పదేళ్ళ క్రితం బాపట్లలోని చర్చి దస్త్రాల భవనానికి అప్పగించిన తాతగారి కాగితాల కట్టను తిరిగి తీసుకుంటున్నామని లేఖ. ఆయన గుంటూరులోనే టైపు చేయించి, పొద్దున్నే కారులో తెచ్చారు. కింద తమ్ముడి పేరు, పేరుకు పైన ఖాళీ.

పురుషోత్తం ఆ ఖాళీని చూస్తూ కూర్చున్నారు. ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. అన్నగారి ఎదుట మాత్రం ఇప్పటికీ పలకా బలపం పట్టుకున్న పిల్లవాడిలాగే కూర్చుంటారని కూతురు మైథిలికి చిన్నప్పటినుంచీ కోపం.

వ్యవహారమంతా అరవై సెంట్ల నేల గురించి. ఈ అన్నదమ్ముల తాత రామభద్రయ్య భట్టిప్రోలు పక్క ఊరికి కరణం. ఊరికి తూర్పున విడిగా ఉండే పల్లెలోని క్రైస్తవులకు 1912లో చర్చి కోసం ఆ స్థలం దానమిచ్చారు. దానపత్రంలో ఒక షరతు ఉంది. ప్రార్థనకు గాక మరి దేనికి వాడినా స్థలం దాత వంశానికి తిరిగి రావాలి. తొంభై ఐదేళ్ళు ఆ షరతును ఎవరూ పట్టించుకోలేదు. ఈమధ్య రోడ్డు వెడల్పు అయి స్థలం ధర పెరిగింది. చర్చివారు స్థలంలో ఒక మూల ఆడపిల్లలకు హాస్టలు కట్టారు. బసవేశ్వరరావు రేపల్లె కోర్టులో దావా వేశారు. సోమవారం వాయిదా.

దావాకు అడ్డం వచ్చింది మైథిలి. దావా గురించి తెలియకముందు నుంచే ఆమె ఆ దస్త్రాల మీద పరిశోధన చేస్తున్నది. కిందటి వారం బాపట్లలో తాతగారి కట్ట విప్పి చదివింది. ఆ స్థలం తాతగారి సొమ్ముతో కొన్నది కాదని ఇంటికి వచ్చి చెప్పింది. ఆ కబురు రెండు రోజుల్లో గుంటూరు చేరింది.

"ఆయన రాత నీకెవరు నేర్పారమ్మా?" బసవేశ్వరరావు ఆమె వైపు తిరిగారు. "ఆయన పోయిన ఇరవై ఏళ్ళకు పుట్టావు. ఆ గొలుసుకట్టు రాత మా నాన్నకే రాదు."

"జంపనిలో ఒక రిటైరైన కరణంగారు నేర్పారు పెదనాన్నా. ఎనిమిది నెలలు, ప్రతి ఆదివారం."

"పరిశోధనకి నీకు ఇంకెవరి కొంపా దొరకలేదా?"

"మనమే ఇచ్చాం కదా ఆ కట్ట. నేను దొంగతనంగా చూడలేదు."

అది నిజం. 1997లో చర్చివారు పాత కాగితాలు పోగుచేస్తున్నామని వచ్చి అడిగినప్పుడు ఇంటిల్లిపాదీ పొంగిపోయారు. కలిపిరాత కావడంవల్ల కట్టలో ఏముందో ఎవరికీ తెలియదు. తాతగారు రాశారంటే గొప్పగానే రాసి ఉంటారన్నది అందరి ధీమా. సభ జరిగింది. దాత మనవడని పురుషోత్తానికి శాలువా కప్పారు. ఫోటో ఇప్పటికీ గోడమీద ఉంది. బసవేశ్వరరావు ఆ రోజు తీరికలేక రాలేదు. అందువల్ల అప్పగింత పత్రంలో తమ్ముడి పేరొక్కటే ఉంది. ఇప్పుడు తమ్ముడి సంతకంతో తప్ప ఆ కట్ట బయటికి రాదు.

సంగతి చిన్నదని బసవేశ్వరరావు నచ్చజెప్పారు. కట్ట ఇంటికి వస్తే చాలు. ఇంట్లో ఉన్న కాగితం గురించి కోర్టు అడగదు. స్థలం వచ్చాక తమ్ముడికి సగం. అమ్మాయికి ముప్పై ఒకటి దాటింది, ప్రైవేటు కాలేజీ ఉద్యోగం ఎన్నాళ్ళుంటుందో తెలియదు, ఆలోచించుకోమన్నారు.

"నా పేరు చెప్పి అడక్కండి," అంది మైథిలి.

"నీ పేరు చెప్పి కాదు. నీ తండ్రికి నేను చెబుతున్నా. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరడం మీ నాన్న నేర్పలేదల్లే ఉంది."

మైథిలి తండ్రి వైపు చూసింది. ఒక్కమాట అంటారేమోనని చూసింది. ఆయన అన్నారు. అయితే అన్నగారితో కాదు.

"నువ్వు పొరపాటు చదివి ఉండొచ్చు కదమ్మా. పాత రాత. అక్షరం మీద అక్షరం పడి ఉంటుంది."

పెదనాన్న అన్న మాటలన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. పొరపాటున ఎవరి మీదైనా ఇంత పెద్ద నింద వేస్తానా అని అడగాలనుకుంది.

అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న తల్లి బాలాత్రిపురసుందరి, కొంగుతో చేయి తుడుచుకుంటూ గదిలోకి వచ్చారు. బావగారి ఎదుట ఆవిడ కూర్చోవడం మైథిలి ఎన్నడూ చూడలేదు. ఆ రోజు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఏటా కోతల పండక్కి ఆ చర్చివాళ్ళు మనింటికి బుట్టెడు కొత్త బియ్యం తెస్తారండి, బావగారూ. దాతగారి ఇల్లని. ముప్పై రెండేళ్ళుగా నేనే అందుకుంటున్నాను. వండి పెట్టాను, మీరూ తిన్నారు. అమ్మాయి చెప్పేది నిజమైతే నేను ఎవరి కూడు తిన్నట్టు? అది తేలకుండా ఈయన సంతకం పెడితే నాకు అన్నం సయించదు."

బసవేశ్వరరావు తమ్ముడి వైపు తిరిగారు. మరదలితో వాదించడం ఆయన మర్యాదకు తక్కువ.

పురుషోత్తం లేఖను మడిచి జేబులో పెట్టుకున్నారు. "బాపట్ల వెడదాం," అన్నారు. "నా కళ్ళతో చూస్తాను."

సంతకం ఎలాగూ అక్కడే పెట్టాలి కనుక బసవేశ్వరరావు అభ్యంతరం చెప్పలేదు.

కారులో అన్నదమ్ములూ మైథిలీ బయలుదేరారు, ముప్పై మైళ్ళ దారి. బాపట్లలో సూర్యలంక సముద్రతీరానికి పోయే జీపులు రోడ్డు ఆక్రమించి ఉన్నాయి. కుర్రకారు పాటలు పెట్టుకుని కేకలు వేస్తున్నారు. అంత సందడిలో ఈ కారులోని మౌనం మరీ మొండిగా తోచింది మైథిలికి.

దస్త్రాల భవనం అనే మాట పెద్దది. నిజానికది పాత బంగళాలో రెండు గదులు. చూసుకునే మనిషి ఆదాము, నలభై ఏళ్ళవాడు, నిదానస్తుడు. లోపల కాగితాల దగ్గర సిరా కలం వాడనివ్వడు. బసవేశ్వరరావు చొక్కా జేబులోని కలాన్ని గుమ్మం దగ్గరే అడిగి తీసుకున్నాడు.

"సంతకం కూడా పెన్సిలుతోనేనా?"

"సంతకం నా బల్ల దగ్గరండి. అక్కడ కలమే ఇస్తాను."

గదిలో అప్పటికే ఒకావిడ కూర్చుని ఉన్నారు. రిబ్కా. గవర్నమెంటు ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, పల్లె హాస్టలు బాధ్యత చూస్తున్నారు. మైథిలి చదివిన సంగతి విని, తాతగారి కట్టకు నకలు కావాలని నాలుగు రోజుల క్రితం దరఖాస్తు పెట్టారు. చర్చి సొంత రిజిస్టర్లకైతే అడ్డులేదు. ఒక కుటుంబం అప్పగించిన కాగితాలకు నకలివ్వాలంటే అప్పగించినవారు ఒప్పుకోవాలి. అంటే ఆవిడ దరఖాస్తుకూ, బసవేశ్వరరావు లేఖకూ కావలసింది ఒకే మనిషి సంతకం.

ఆదాము ఆ సంగతి దాపరికం లేకుండా అందరి ముందూ చెప్పాడు. రిబ్కా లేచి నిలబడలేదు, దణ్ణం పెట్టలేదు. పురుషోత్తాన్ని మాత్రం తేరిపార చూశారు.

"ముందు అమ్మాయి ఏం చదివిందో చూడాలి," అన్నారు పురుషోత్తం.

బల్లమీద తెల్లగుడ్డ పరిచి ఆదాము రెండు కట్టలు పెట్టాడు. మొదటిది చర్చి కానుకల రిజిస్టరు. పల్లెలో బడి నడిపిన ఉపాధ్యాయుడు గుండ్రటి అక్షరాలతో రాసింది, ఎవరైనా చదవగలరు. అందులో డబ్బు కనిపించేది అరుదు. కోడిపెట్ట, గుడ్లు, దీపానికి ఆముదం, కప్పుకు తాటాకు, గోడకు రెండు రోజుల కూలి. వాటన్నిటికంటే ఎక్కువగా బియ్యం.

అది ఆ పల్లె ఆడవాళ్ళ ఆచారం. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ చర్చికి తెస్తారు. ఉపాధ్యాయుడు సోలతో కొలిచి, తెచ్చిన మనిషి పేరు రాస్తాడు. నెలాఖరుకు ఆ నెల బియ్యమంతా కలిపి ఒక పంక్తి: 'స్థలము నిమిత్తం కరణంగారి గాదెకు చేర్చినది.' ఆ పక్కన కొలత. 1903 నుంచి 1912 దాకా నెల తప్పకుండా ఆ పంక్తి ఉంది.

"గాదెకు చేరిస్తే?" అన్నారు బసవేశ్వరరావు. "పల్లెలో దొంగల భయం ఉండి ఉంటుంది. దాచిపెట్టాడు. మళ్ళీ ఇచ్చేసి ఉంటాడు."

"తిరిగి ఇచ్చినట్టు ఒక్క పంక్తి చూపించండి," అన్నారు రిబ్కా. ఆవిడ నోరు విప్పడం అదే మొదలు.

రెండో కట్ట తాతగారిది. నలభై రెండు పుటలు. జాబితాలో దానికెదురుగా పదేళ్ళ క్రితం ఆదామే రాశాడు: 'గొలుసుకట్టు. చదవబడలేదు.' కలం ఎత్తకుండా రాసుకుపోయిన ఆ రాతలో పురుషోత్తానికి ఒక్క మాటా అర్థం కాలేదు. కాని అంకెలు అంకెలే. తెలుగు అంకెలు ఆయన తాత ఒడిలో నేర్చుకున్నారు.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్నారు. రిజిస్టరులో ఒక నెల మీద వేలు, తాతగారి పుటలో ఒక పంక్తి మీద వేలు. పెదవులు కదులుతున్నాయి. అయిదు తూములు, అయిదు తూములు. నాలుగు తూముల రెండు కుంచాలు, నాలుగు తూముల రెండు కుంచాలు. ఒక ఏడాది అయింది. రెండో ఏడాది పట్టారు.

"ఎంతసేపురా?" అన్నారు బసవేశ్వరరావు. పురుషోత్తం తర్వాతి పంక్తికి వేలు జరిపారు. బడిలో పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు కూడా నాన్న ఇలాగే ఉండేవారని మైథిలికి గుర్తొచ్చింది. ఒకటో లెక్క సరిపోయిందని రెండోది వదిలేసే మనిషి కాదు.

తొమ్మిదేళ్ళు, నూట ఎనిమిది నెలలు. ఒంటిగంట దాటింది. ఎవరూ భోజనం మాట ఎత్తలేదు. రెండు నెలలు సరిపోలేదు. ఆ రెండిటినీ మళ్ళీ చూశారు. ఒకచోట ఆయనే పంక్తి తప్పారు. రెండోచోట పుట చిరిగింది.

కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. కూతురి వైపు చూడకుండానే అన్నారు.

"ఆఖరి పుట చదువమ్మా."

మైథిలి చదివింది. ఆమెకు ఆ పుట కంఠస్థమే. అయినా ప్రతి మాట కిందా వేలు జరుపుతూ, ఆగి ఆగి చదివింది.

"పల్లె ఆడువారి గుప్పిటి బియ్యం తొమ్మిదేండ్లు మన గాదెలో జమ అయినది. అమ్మగా వచ్చిన సొమ్ముతోనే స్థలము కొనడమైనది. పల్లెవారికి అమ్ముటకు ఆసామి ఒప్పనందున క్రయము నా పేర జరిగినది. పిమ్మట దానపత్రము వ్రాసి యిచ్చితిని. మిషను దొరగారు మిక్కిలి సంతసించి నన్ను దాత యని కొనియాడిరి. కాదనలేదు. ప్రార్థనకు గాక అన్యమునకు వాడిన యెడల స్థలము మన వంశస్థులకు మరల రావలెనని ఒక మాట అందులో చేర్పించితిని. వారు చూచుకొనలేదు. పిల్లలు ఈ మాట మరువరాదు."

చదవడం అయిపోయింది.

ముందుగా నవ్వింది బసవేశ్వరరావు. పెద్దగా కాదు, ముక్కుతో.

"చూశావా. మన కోసమే రాశాడు. తొంభై ఐదేళ్ళ ముందుచూపు. ఆ బుర్రకి దణ్ణం పెట్టాలిరా."

"పెట్టాం," అన్నారు పురుషోత్తం. "శాలువా కప్పించుకుని మరీ పెట్టాం."

"ఉద్రేకపడకు. కోర్టు చూసేది దానపత్రం. బియ్యం చూడదు. ఈ పుస్తకమొకటి లేకపోతే."

"ఉంది కదా."

"అందుకే లేకుండా చేద్దామంటున్నా."

రిబ్కా వింటున్నారన్న స్పృహ కూడా ఆయనకు లేదు, లేదా ఉన్నా లెక్కలేదు. ఆ లెక్కలేనితనమే మైథిలిని అన్నిటికంటే మండించింది. ఆమె ఏదో అనబోయింది. రిబ్కా చేయి అడ్డం పెట్టి ఆపారు.

"నన్ను మాట్లాడనివ్వమ్మా." ఆవిడ రిజిస్టరు ముందుకు జరుపుకుని ఒక పేరు మీద వేలు పెట్టారు. "ఈ సుందరమ్మ మా నాయనమ్మండి. ఆదివారం సోల. ఒక్క వారం కూడా లేదని రాయలేదు చూడండి. ఆ సోల కోసం పిల్లలకి గంజి పలచన చేసేదంట, మా నాన్న చెప్పేవాడు. నేను చిన్నప్పుడు కోతల పండక్కి మీ తాతగారి పేరు చెప్పి ప్రార్థన చేసేవాళ్ళం. నర్సు ట్రైనింగుకి వెళ్ళేముందు కూడా ఆయన పేరు చెప్పుకుని మోకాళ్ళేశాను."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నారో బల్ల అంచు పట్టుకున్న వేళ్ళను చూస్తే తెలుస్తున్నది.

"క్షమించమ్మా," అన్నారు పురుషోత్తం.

"అది తరవాతండి పంతులుగారూ. ముందు నకలు ఇప్పించండి."

ఆదాము తన బల్ల దగ్గరికి వెళ్ళి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. కలం మూత తీసి మధ్యలో ఉంచాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు.

పురుషోత్తం వెళ్ళి కూర్చున్నారు. బసవేశ్వరరావు వెనకే వెళ్ళి తమ్ముడి భుజం మీద చేయి వేశారు. గొంతు తగ్గింది, మెత్తబడింది. ఆ మెత్తదనం మైథిలి ఎరుగనిది.

"నాన్న పోయినప్పుడు నీకు పధ్నాలుగేళ్ళు. నా చదువు మానుకుని మిల్లులో గుమాస్తాగా చేరాను. నిన్ను బీఈడీ దాకా చదివించింది ఎవర్రా? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఎత్తి చూపానా? ఇవాళ అడుగుతున్నా. ఒక్క సంతకం."

అందులో అబద్ధం ఏమీ లేదు. మైథిలికి అది తెలుసు. అందుకే భయం వేసింది.

పురుషోత్తం కలం అందుకున్నారు.

"నువ్వే చదివించావు అన్నయ్యా," అన్నారు. "అది నేను కాదనను. నా పింఛనులో సగం అడుగు, ఇస్తాను. ఈ సంతకం అడక్కు."

రిబ్కా పెట్టిన దరఖాస్తును దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు. రెండో కాగితాన్ని చించలేదు, మడవలేదు. అన్నగారి వైపు జరిపారంతే.

బసవేశ్వరరావు చేయి తీసేశారు. "ఇక నీకు అన్న లేడు," అన్నారు. "మీ ఆవిడకి కూడా చెప్పు. పండగలకి ఫోన్లు చెయ్యొద్దు." గుమ్మం దగ్గర తన కలం అడిగి పుచ్చుకుని, మెట్లు దిగారు. కారు వెళ్ళిన చప్పుడు వినబడింది. తండ్రీ కూతుళ్ళను బాపట్లలో వదిలేసి వెళ్ళారన్నమాట.

తాను కోరింది జరిగినా మైథిలికి సంతోషం కలగలేదు. పొద్దున తండ్రి అన్న మాట ఇంకా లోపల రగులుతూనే ఉంది. నూట ఎనిమిది నెలల అంకెలు సరిచూసుకున్నాక నమ్మారు, కూతురు చెప్పినప్పుడు నమ్మలేదు. ఆ మాట పైకి అనేసింది కూడా. ఆయన విన్నారు.

ఆదాము నకలు తీసి, ప్రతి పుట మీదా ముద్ర వేసి రిబ్కాకు అందించాడు. ఆవిడ లెక్కపెట్టుకున్నారు, నలభై రెండు. సంచిలో పెట్టుకుని కూడా కదలలేదు.

"ఇంకో మాటండి," అన్నారు పురుషోత్తంతో. "ఇది మీ తాతగారి రాతేనని కోర్టులో ఎవరో చెప్పాలంట. మా వకీలు అన్నాడు. మేం చెబితే ఎవరు నమ్ముతారండి? ఆయన రాస్తుండగా చూసిన మనిషి కావాలి."

"నేను చూశాను," అన్నారు ఆయన. "పదకొండేళ్ళు వచ్చేదాకా ఆయన పక్కనే కూర్చుని కలం అందించేవాణ్ణి."

"అయితే వచ్చి చెబుతారా?"

పురుషోత్తం లేచి కళ్ళజోడు జేబులో పెట్టుకున్నారు. తెనాలి బస్సు ఎన్నింటికని ఆదామును అడిగారు. రిబ్కా అడిగినదానికి జవాబు చెప్పకుండానే బయటికి నడిచారు. మైథిలి ఆయన వెనక నడిచిందే గాని పక్కన నడవలేదు.

బస్సులో ఆయన కిటికీ వైపు, ఆమె ఇటువైపు. ఆదివారమంతా ఆయన సాక్ష్యం మాట ఎత్తలేదు. భార్య అడిగితే పుస్తకం చదువుకుంటున్నానన్నారు. ఆయన చేతిలో పుస్తకం లేదు.

సోమవారం, 2007 జూన్ 11న, దావా రేపల్లె కోర్టులో పిలుపుకు వచ్చింది. ప్రతివాది చర్చి పక్షాన కానుకల రిజిస్టరు నకలు, నలభై రెండు పుటల కట్ట నకలు దాఖలు చేశారు. వాది బసవేశ్వరరావు తరఫు వకీలు గడువు కోరాడు. కేసు జూలై 9కి వాయిదా పడింది. ప్రతివాది సాక్షుల జాబితాలో ఆ రోజు ఒక పేరు కొత్తగా చేరింది: పురుషోత్తం, వయస్సు అరవై మూడు, రిటైర్డ్ లెక్కల ఉపాధ్యాయుడు, తెనాలి. వాదికి సొంత తమ్ముడు.